చెఱువు – కెఱె: ఒక మూలద్రావిడ పదము, దాని సంతతి

నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలో ఏ పల్లెకైనను పోయి ఒక రైతును నీ పొలమెక్కడ నున్నదని అడిగినచో, తూర్పు పడమరలకంటె ముందుగా వచ్చు సమాధానము "చెరువు కింద" అనునది. కృష్ణానది ఈ మెట్టసీమకు దక్షిణపుటెల్లగా నున్నను, ఆనకట్టలును ఎత్తిపోతలును రాకమునుపు దాని నీరు ఈ భూములకు ఎక్కినది లేదు. రాతిబోళ్ళును ఎఱ్ఱచెలకలును నిండిన ఈ నేలలో వరి పండినదన్నచో, వాగున కడ్డముగ కట్టవేసి వాననీటిని నిలిపినందువలననే పండినది. ఒక చెఱువు నిండి అలుగు పాఱి దిగువ చెఱువును నింపుట, అది నిండి మఱియొకదానికి నీరిచ్చుట, ఇట్లు గొలుసుకట్టుగా సాగిన చెఱువులపైననే ఇచ్చటి ఊళ్ళు నిలిచినవి.

ఇంతటి వస్తువును చెప్పు పదము ఎచ్చటనుండి వచ్చినదను ప్రశ్నకు మాత్రము మన తరగతిగదులలో ఒక తేలిక సమాధానమే వినవచ్చుచున్నది. చెఱపట్టబడిన నీరు గనుక అది చెఱువట. ఆ సమాధానమును పరీక్షించుటయే ఈ వ్యాసోద్దేశము. పరీక్షకు కావలసిన ముఖ్యసాక్ష్యము దూరమున లేదు. ఈ జిల్లాల పడమటి సరిహద్దున మాటలాడబడు కన్నడమునను, ఈ జిల్లాలలోనే నిలిచియున్న కన్నడ శాసనములలోను కలదు. నల్లగొండ జిల్లా 2016లో మూడు జిల్లాలుగను, మహబూబునగరము అదే యేట నాలుగుగను, 2019లో నారాయణపేట చేరి ఐదుగను విడివడినవి. మేము శాసనసంపుటములు పాటించిన పాత ఎల్లలనే గ్రహించితిమి.

చెఱ నుండి చెఱువు వచ్చినదను వ్యుత్పత్తిని పామరవ్యుత్పత్తియని ఒక్క మాటతో కొట్టివేయుటకు వీలు లేదు. చెఱ, చెఱసాల, చెఱపట్టు అను మాటలలోను చెఱువునందును ఉన్నది శకటరేఫమే. అర్థమునకును పొత్తు కుదురుచున్నది. పాఱు నీటిని అడ్డగించి నిలుపుటయే గదా చెఱువు. మీదుమిక్కిలి, తమిళమున సిఱై అను ఒక్క రూపమునకే చెఱ అనియు, కట్ట అనియు, నీటిని నిలిపిన తావు అనియు అర్థములు కలవు. ఇంత బలము గల వ్యుత్పత్తిని కాదనవలెనన్న, దానికంటె బలమైన సాక్ష్యమును చూపవలెను.

తెలుగు తమిళ కన్నడములకు ఒక ప్రత్యేక కుటుంబము కలదని 1816లో ఎల్లిస్ దొర క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో చూపెను. 1856లో కాల్డ్వెల్ దానిని విస్తరించెను. మనలో చిలుకూరి నారాయణరావుగారు తెలుగు ప్రాకృతజన్యమని తమ ఆంధ్రభాషా చరిత్రమున వాదించిరి గాని, ఆ పక్షము నిలువలేదు. బర్రో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి కోశము 1961లోను, దాని సంస్కృత ప్రతి 1984లోను వెలువడినవి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల గ్రంథమును 1961లోనే వచ్చినది. ఈ చరిత్ర పాఠకులకు తెలిసినదే గనుక ఇంతటితో విడుచుచున్నాము. మూలద్రావిడ రూపమనగా ఎచ్చటను వ్రాయబడినది కాదనియు, సోదరభాషల రూపములనుండి నియమముల ననుసరించి ఊహించి నక్షత్రచిహ్నముతో వ్రాయునది యనియు మాత్రము జ్ఞప్తియందుంచుకొనవలెను. ఆ చిహ్నము అలంకారము కాదు, హెచ్చరిక.

ఇక చెఱువునకు సోదరులను చూతము. తమిళమున సిఱై, మలయాళమున చిఱ, కన్నడమున కెఱె. కొడగు తుళు భాషలలో కెరె. మొదటి అక్షరమునుబట్టి ఇవి రెండు గుంపులు. తెలుగు, తమిళము, మలయాళము చకారము వైపు. కన్నడము, కొడగు, తుళు కకారము వైపు. ఏది ముందు, ఏది వెనుక? 1943లో బర్రో పండితుడు ఈ ప్రశ్నకే ఒక వ్యాసము వ్రాసెను. ఆయన నిర్ణయము నేటికిని చెక్కుచెదరలేదు. ఇ, ఎ అను తాలవ్యాచ్చులకు ముందున్న మూల కకారము తెలుగునను తమిళమునను చకారమైనది. కన్నడమున మాఱక నిలిచినది. తెలుగు చెవి, తమిళ సెవి, కన్నడ కివి. తెలుగు చిఱు, తమిళ సిఱు, కన్నడ కిఱు. తెలుగు చేయు, తమిళ సెయ్, కన్నడ గెయ్. కకారమే ప్రాచీనమనుటకు దూరపు సోదరులును సాక్ష్యమిచ్చుచున్నవి: గోండిలో చెవికి కెవి యనియు, కొలామిలో కెవ్ అనియు అందురు. చేయుటకు గోండిలో కీ అనియే ధాతువు.

ఇందొక విశేషము కలదు. గోండి, కొండ, కుయి, కువి భాషలు తెలుగునకు మిక్కిలి దగ్గఱి తోబుట్టువులు. తమిళము దూరపు చుట్టము. అయినను ఆ దగ్గఱివారు కకారమును నిలుపుకొనగా, తెలుగు తమిళమువలె మాఱినది. కావున ఈ మార్పు తెలుగు తన తోబుట్టువులనుండి వేఱుపడిన పిమ్మట తనంతట తాను పొందినదిగాని, తమిళముతో కలసి పొందినది కాదు. రెండు ఇండ్లలో వేఱువేఱుగా జరిగిన ఒకే విధమైన మార్పని చెప్పవలెను. రెండింటి నియమములును సరిగా ఒకటి కావు. తమిళమున తాలవ్యాచ్చు తరువాత మూర్ధన్యాక్షరము వచ్చినచో కకారము మాఱదు; తెలుగున ఆ అడ్డంకి లేదు. అందుచేతనే తమిళమున కెడు, తెలుగున చెడు. తమిళమున కిళి, తెలుగున చిలుక. శకటరేఫము మూర్ధన్యము కాదు, దంతమూలీయము. అందువలన చిఱు, చెఱువులయందు రెండు భాషలును ఏకీభవించినవి.

తమిళదేశమున ఈ మార్పు ఎప్పటిదో చూచుటకు అశోకుని శాసనములను పేర్కొనుట కలదు. క్రీ.పూ. 3వ శతాబ్దినాటి ఆ శాసనములు చేరరాజులను కేరళపుత్రులని కకారముతో చెప్పినవి. ఆనాటికి తమిళమున ఇంకను మార్పు జరుగలేదని కొందఱందురు. వ్రాయసకాండ్రు ఆ పేరును కన్నడసీమ మీదుగా విన్నచో కకారమే వినబడియుండును గనుక, మేము ఆ సాక్ష్యమునకు మితమైన విలువనే ఇత్తుము.

ఇప్పుడు మొదట చెప్పిన రైతు మాటకు మరలుదము. "చెరువు కింద" అను రెండు పదములలో మొదటిదానియందు కకారము చకారమైనది. రెండవదానియందు ఇకారమునకు ముందే కకారము అట్లే నిలిచినది. నియమము నిజమైనచో "చింద" అనవలసియుండును గదా యని విద్యార్థులు తఱచుగా అడుగుదురు. ప్రశ్న మంచిది. దీనికి తమిళరూపము కీఴ్. ఇందలి ఴకారము ప్రాచీన తెలుగు శాసనములలోను ఉండి, పిమ్మట పోయిన అక్షరము. తెలుగున ఈ ఴకారము అచ్చును దాటి ముందునకు జరిగి కకారముతో సంయుక్తమై, తరువాత రేఫమై, క్రింద అయినది. తమిళ పొఴుదు తెలుగు ప్రొద్దు అయినట్లును, మరమ్ మ్రాను అయినట్లును ఇదియు అయినది. కకారమునకును ఇకారమునకును నడుమ ఒక హల్లు నిలిచినందున కకారమునకు తాలవ్యస్పర్శ తగులలేదు. నేటి వాడుకలో ఆ నడిమి రేఫమును పోయి కింద అని మిగిలినది. అయినను కాపాడవలసిన కాలమున అది కాపాడినది. దీనినిబట్టి కాలక్రమమును తెలియుచున్నది: హల్లు ముందునకు జరుగుట ముందు, కకారము చకారమగుట వెనుక. మొదటి మార్పు కుయి, కువి భాషలలోను ఉండుటయు, రెండవది తెలుగున మాత్రమే ఉండుటయు ఈ క్రమమునకు సరిపడుచున్నవి.

ఈ జంటను మఱి రెండు భాషలలో చూచినచో విషయము ఇంకను స్పష్టమగును. కన్నడ శాసనములలో చెఱువు క్రింది భూమిని చెప్పునపుడు కెఱెయ కెళగె అందురు. రెండును కకారములే, ఏదియు మాఱలేదు. కేరళమున తిరువనంతపురము జిల్లాలో చిఱయిన్‌కీఴ్ అను ఊరున్నది. పేరునకు అర్థము చిఱ క్రింద అనియే. అందును తెలుగునందువలెనే మొదటిది చకారము, రెండవది కకారము. చూపునకు తెలుగును మలయాళమును ఒకటిగా నడచినట్లున్నది. కారణములు మాత్రము వేఱు. అచ్చట కీఴ్ నిలిచినది ఴకారము మూర్ధన్యమై వెనుక నుండుటచేత. ఇచ్చట క్రింద నిలిచినది అదే ఴకారము ముందునకు జరిగి అడ్డుపడుటచేత. ఫలమొక్కటియైనంత మాత్రమున మార్గమొక్కటి యనుకొనరాదనుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము మాకు తట్టుటలేదు.

కకారము సంగతి తేలినది. తరువాతి అచ్చు ఏది? తమిళమున ఇ, తెలుగు కన్నడములయందు ఎ. తరువాతి అక్షరమున అకారము గాని ఐకారము గాని ఉన్నచో మూలమునందలి ఇ, ఎ లకు భేదము చెరగుననియు, తమిళము ఇకారమును, తెలుగు కన్నడములు ఎకారమును చూపుననియు నిర్ణయింపబడినది. ఉ, ఒ ల విషయమును ఇంతే. తమిళ ఇలై, కన్నడ ఎలె. తమిళ ఉడల్, తెలుగు ఒడలు. ఈ వరుసలో తమిళ కుళమ్, కన్నడ కొళ, తెలుగు కొలను కూడ చేరుట చిత్రము, అదియు నీటిపట్టే. కాబట్టి మూలరూపము *కిఱై యో *కెఱై యో తేల్చిచెప్పుటకు ఈ భాషలు చాలవు; రెండును వ్రాయుటయే న్యాయము. తెలుగున మఱియొక చిక్కు కలదు. చెఱువున ఎకారము తరువాత నున్నది ఉకారము, అకారము కాదు. చిఱు అను పదమున తరువాత ఉకారమున్నందున ఇకారము ఇకారముగనే నిలిచినది. మూలము ఇకారమైనచో చెఱువు "చిఱువు" కావలసియుండెను. మూలమున ఎకారమైనను ఉండవలెను. లేదా ఒకనాడు *చెఱవు అని ఉండి, చివరి వు వలన నడిమి అకారము ఉకారమైయుండవలెను. మేము రెండవదానివైపు మొగ్గుచున్నాము. తమిళ ఐకారమునకును కన్నడ ఎకారమునకును ఎదుట అట్టి *చెఱ అనునదే తెలుగున నిలువవలసిన రూపము. చివరి వు తెలుగు చేర్చుకొనినది.

ఆ *చెఱ అను రూపమే బందీతనమును చెప్పు చెఱతో కలిసిపోయి నేటి తేలిక వ్యుత్పత్తికి త్రోవ తీసినది. ఈ రెండు పదములు తెలుగున ఒకే ఆకారము గలవి. తెలుగున చకారము రెండు మూలములనుండి రావచ్చును: మూల చకారమునుండియు, తాలవ్యాచ్చునకు ముందున్న మూల కకారమునుండియు. ఏది ఎచ్చటిదో తెలుగును మాత్రమే చూచి చెప్పజాలము. తమిళమునను అదే చిక్కు. కన్నడమున మాత్రము ఈ రెండును కలియలేదు. మూల చకారము అందు సకారమైనది: తెలుగు చావు, కన్నడ సావు, తెలుగు చేరు, కన్నడ సేరు. మూల కకారము కకారముగనే ఉన్నది: తెలుగు చెవి, కన్నడ కివి. అనగా తెలుగు చకారము పుట్టుక తెలియగోరువారు కన్నడపు గడప త్రొక్కవలెను.

అచ్చట కానవచ్చునది యేమి? నీటిపట్టునకు కెఱె, బందీతనమునకు సెఱె. రెండు పదములు, రెండు మొదళ్ళు.

తమిళ సిఱైకి ఇంకొక అర్థమును కలదు: పక్షి ఱెక్క. దానికి కన్నడమున ఎఱకె, ఱెక్కె. తెలుగున ఎఱక, ఱెక్క. తమిళమున ఒక్కటిగా కనబడు సిఱై కన్నడమున మూడుగా విడిపోవుచున్నది: ఎఱకె, సెఱె, కెఱె. ఱెక్కకును చెఱకును చెఱువునకును ఒకే మూలమని ఎవ్వరును అనరు. ఱెక్కను విడదీయుటకు ఏ నియమమును అంగీకరించితిమో, చెఱను విడదీయుటకును ఆ నియమమునే అంగీకరింపవలెను. చెఱయు చెఱువును ఒక తల్లి బిడ్డలు కావు. ఒకే త్రోవను నడచి వచ్చినందున ఒకే పోలిక పొందినవి.

దీనికి రాదగిన ఆక్షేపణ ఒకటి కలదు. కన్నడ సెఱె స్వంతము కాదేమో, తమిళమునుండియో తెలుగునుండియో ఎరవు తెచ్చుకొనినదేమో! చెఱపట్టుట రాజుల పని. రాజులతోపాటు అట్టి మాటలును ఎల్లలు దాటును. కన్నడరాజులును తమిళరాజులును శతాబ్దములపాటు పోరాడిరి గనుక ఈ ఆక్షేపణను మేము తక్కువ చేయము. ఎరవైనచో కన్నడ సెఱె సాక్షిగా నిలువదు. చెఱయును ఒకప్పుడు కకారాదియై, అడ్డగించుట అను ఒకే ధాతువునుండి రెండును వచ్చియుండవచ్చును. అయినను సావు, సేరు మొదలగు పదములలో సకారము సహజముగ వచ్చినదని ఒప్పుకొనుచు సెఱెయందు మాత్రము ఎరవని పట్టుపట్టుటకు ప్రత్యేక హేతువు కావలెను. అర్థసామ్యము తప్ప వేఱు హేతువు మాకు కనబడలేదు. ఆ అర్థసామ్యమే ఇచ్చట పరీక్షలో నున్నది గదా. నిరూపింపవలసినదానినే నిరూపణముగా చూపరాదు.

అర్థవిచారమున మఱియొక సంగతి. మలయాళమున చిఱ అనగా కట్టయు, కట్టచే నిలిచిన నీరును. తమిళమునను సిఱైకి కట్ట యను అర్థము ప్రబలము. నీటిపట్టునకు ఏరి, కుళమ్ అను మాటలే వాడుక. కన్నడమున కెఱె నీటిపట్టే. దాని కట్టను ఏరి అందురు. అనగా తమిళమున చెఱువునకు పేరైన ఏరి కన్నడమున కట్టకు పేరు. తమిళమున కట్టకు పేరైన సిఱైకి జోడైన కెఱె కన్నడమున చెఱువునకు పేరు. కట్టకును నీటికిని మాటలు ఇట్లు చేతులు మాఱుట వింత కాదు. కట్ట లేనిదే చెఱువు లేదు. మన పల్లెలలో చెఱువు దేవత నీటిలో గాక గట్టుమీదనే ఉండి కట్టమైసమ్మ యనిపించుకొనుచున్నది. మూలద్రావిడమున ఈ పదమునకు మొదటి అర్థము కట్ట యనియే మాకు తోచుచున్నది. తెలుగున కట్టు ధాతువునుండి వచ్చిన కట్ట ఆ అర్థమును ఆక్రమింపగా, చెఱువు నీటికి పరిమితమైనది.

కావున ఈ పదమును చూపి, మూలద్రావిడులకాలముననే కాకతీయులనాటి తటాకములవంటివి ఉండెనని వ్రాయుట తగదు. అట్టి వ్రాతలు కొన్ని మా దృష్టికి వచ్చినవి. పదము చెప్పునదంతయు ఇంతే: నీటిని నిలుపు గట్టునకు ఆ జనులయొద్ద ఒక మాట యుండెను. ఆ గట్టు మోకాలెత్తుదో తాటియెత్తుదో భాషాశాస్త్రము చెప్పజాలదు. అది త్రవ్వకములు చేయువారి పని.

చెఱువు మనకు కన్నడమునుండి వచ్చిన మాటయేమో యను సందేహమును ఇచ్చటనే తీర్చవలెను. ఏలయన ఈ రెండు జిల్లాలు 11, 12 శతాబ్దులలో కల్యాణి చాళుక్యుల యేలుబడిలో నుండెను. పాత నల్లగొండ జిల్లాలోని కొల్లిపాక, నేటి కొలనుపాక, వారి రాజ్యమున ప్రధాననగరములలో ఒకటి. పానుగల్లు, కందూరులనుండి ఏలిన కందూరు చోడులు వారి సామంతులు. అలంపురమునను కొలనుపాకలోను ఉన్న ఆనాటి శాసనములలో కన్నడము విశేషముగ కలదు. పాలకుల భాషనుండి నీటిపారుదల మాట యొకటి జాఱిపడుట అసంభవము కాదు. అయితే ఎరవు మాటలకు తగిన గుర్తు ఉండును. కెంపు కన్నడమునుండి తెలుగునకు వచ్చినది. అందు కకారము మాఱలేదు. అదే మూలమునుండి స్వంతముగ వచ్చినది చెందొవ, చెంగలువ మొదలగువానియందలి చెం. కర్నూలు జిల్లాలోని మద్దికెర యను ఊరిపేరు కన్నడపు కెఱెను కకారముతోనే తెలుగునోట నిలుపుకొన్నది. చెఱువు కన్నడపు ఎరవైనచో అదియు కెరయో కెరెయో కావలసినది. కాకపోవుటయే అది మన పుట్టింటి మాట యనుటకు గుర్తు.

ఊరిపేర్ల విషయమున మద్దికెరకు ఎదురైన ఉదాహరణము ఈ జిల్లాలకు ఉత్తరమున హైదరాబాదు చేరువ నున్నది. చాళుక్య జగదేకమల్ల జయసింహుని నెలవుగా కన్నడ శాసనములు పొట్టలకెఱెను పేర్కొనుచున్నవి. చరిత్రకారులు దానిని నేటి పటాన్‌చెరుగా గుర్తించిరి. తెలుగున అది పొట్లచెఱువు. ఒకే ఊరికి పాలకుల వ్రాతలో కెఱె, ప్రజల నోట చెఱువు. ఊరిపేరును సాధారణముగ ఎవ్వరును అనువదింపరు. ఇచ్చట అనువాదము జరిగినదన్నచో, కెఱెయే చెఱువు అను జ్ఞానము రెండు భాషలవారికిని నిత్యవ్యవహారమున ఉండెనన్నమాట. మొదటి పేరు ఏదియను ప్రశ్నకు మేము పొట్లచెఱువు అనియే చెప్పుదుము. శాసనలేఖకుడు తన భాషలోనికి త్రిప్పుకొనుట సులభము, ఊరివారందఱు కూడి రాజభాషాపదమును తెలిగించుట కష్టము. ఇది మా అభిప్రాయము మాత్రమే, శిలాక్షరము కాదు. తరువాతి కాలమున పొట్ల పటాన్ అయినది, చెఱువు చెరు అయినది. పేర్లు ఎంతెంత అరిగి, కొత్త పోలికలు తెచ్చుకొనునో దీనివలన తెలియవచ్చును. కొల్లిపాకయు నట్లే కొలను అను మాటతో పొత్తు కల్పించుకొని కొలనుపాక అయినది. నేటి పేరును మాత్రము చూచి కొలను చరిత్ర వ్రాయబోవువారు జాగ్రత్తపడవలెను.

రాజులు తామే కట్టించిన చెఱువులకు దేశ్యపదమును వాడుటకు ఇష్టపడలేదు. సముద్రము అని సంస్కృతముననే పేరు పెట్టిరి. పానుగల్లున కందూరు చోడుడు ఉదయనుని పేర వెలసినది ఉదయసముద్రము. నేడు అది పెద్ద ఎత్తిపోతల పథకమునకు నడుమ నిలుపుడు జలాశయమై, కృష్ణానీటిని పట్టుచున్నది. అయినను జనుల మాటలో ఉదయసముద్రము చెరువు అని చివర ఒక తోక చేరుచున్నది. సముద్రమని పేరున్నను అది చెఱువే యని గుర్తుచేయనిదే వారికి తృప్తి లేదు కాబోలు. రాజిచ్చిన పేరుమీద ప్రజలు వేసిన ముద్రగా దీనిని మేము ఎన్నుదుము.

ఇక పరిశోధక విద్యార్థులకు సంబంధించిన ఒక మాట. పైని చేసిన వాదమంతయు ఒక్క అక్షరముపై నిలిచియున్నది. చెఱువునందలి ఱకారము తమిళ కన్నడములలోని ఱకారమునకు సరిజోడు. దానిని రేఫముగా మార్చి చెరువు అని వ్రాసినచో, నేటి వ్యవహారమునకు లోపము లేదు. మేమును జాబులలో అట్లే వ్రాయుదుము. శాసనపాఠమును ముద్రించునపుడు అట్లు చేయుట వేఱు సంగతి. లక్ష్మణరాయ పరిశోధకమండలివారి తెలంగాణా శాసనములు మొదటి సంపుటము 1935లోను, గడియారము రామకృష్ణశర్మగారి సంపాదకత్వమున రెండవ సంపుటము 1960లోను వెలువడినవి. అట్టి మూలగ్రంథములనుండి ఉదాహరణములెత్తి వ్రాయు సిద్ధాంతవ్యాసములలో చెఱువు, మఱుతురు, ఏఱు అను మాటలు రేఫముతో వ్రాయబడి మాయొద్దకు వచ్చుచున్నవి. కారణమడిగిన, అచ్చుయంత్రమున ఆ అక్షరము సులభముగా దొరకదందురు. ఏఱునకు ఱకారము పోయినచో, దున్నుటకు పూన్చిన ఏరును పాఱెడి ఏఱును ఒక్కటియగును. అట్టి పాఠముపై రేపు మఱియొకరు నిలిచి వ్యుత్పత్తి చెప్పుదురు.

నోటిమాటను సేకరించువారికి ఈ సౌకర్యము లేదు, నోట ఱకారము ఏనాడో పోయినది. వారు చేయదగినది వేఱొకటి. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము దారి చూపినది. దాని తరువాత, చెఱువులతోపాటు వానిచుట్టునున్న మాటలును కరగుచున్నవి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకమునకై రాష్ట్రమున 46 వేలకు పైగా చెఱువులు, కుంటలు లెక్కకు వచ్చినవి. లెక్కతోపాటు ప్రతి చెఱువునకు ఊరివారు పిలుచు పేరును, అలుగునకు, తూమునకు, కట్ట మలుపునకు వారనెడి మాటను వ్రాసికొన్నచో భాషాశాస్త్రమునకు గొప్ప మేలగును. ముఖ్యముగ నారాయణపేట, మక్తల్ ప్రాంతములయందు తెలుగును కన్నడమును ఒకే ఊర మాటలాడుదురు. అచ్చట ఒకే చెఱువునకు రెండు పేర్లున్నచో రెండును వ్రాయవలెను. ఏ వీధివారు ఏది అందురో, పొలమును చెప్పునపుడు కెరె కెళగె అందురో చెరువు కింద అందురో, ఏ తరమువారు ఒకదానినుండి రెండవదానికి మాఱిరో గుర్తింపవలెను. పొట్టలకెఱె పొట్లచెఱువుల నడుమ ఒకనాడు ఏమి జరిగినదో శాసనములు రెండు కొసలనే చూపినవి. నడిమి భాగము ఆ ఊళ్ళలో నేటికిని జరుగుచున్నది.